మాటలు నేర్చిన పడవ



మాది చిలకలూరిపేటకు చేరువనున్న నల్లరేగడి నేలలలోని యొక పల్లె. ప్రత్తి విచ్చి చేలు తెల్లనగుటయు, మిరపపండ్లు కల్లములలో నెండి నేల యెఱ్ఱనగుటయు మాకు దెలిసిన ఋతుధర్మములు. సముద్రము మాకు మిక్కిలి దూరము గాదు. నలువది యేబది కిలోమీటర్లలో నున్నది. అయినను మా యూరి స్త్రీలకు సముద్రమన, కార్తికస్నానమునకు సూర్యలంకకో వాడరేవునకో పోయి, మూడు మునుకలు వేసి, తడిచీరలతో మరలివచ్చెడి చోటు. అంతకుమించి దాని నెఱుగము. దాని కోపమును మాత్రము కొంత యెఱుగుదుము. 2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల దాపున తీరము దాటినపుడు మా చేలలో మిరపమొక్కలు నేల కొఱగినవి. చెట్టుననున్న ప్రత్తి నాని నల్లబడినది. ఆ రాత్రి మేము మా పంటకై దుఃఖించితిమే గాని, అదే గాలిలో పడవలవారి గతి యేమయ్యెనో యని తలపోసినవారము గాము.

మావారు ఉపాధ్యాయులు. పండ్రెండేండ్ల క్రిందట వారు నిజాంపట్నపు ప్రాంతమున పనిచేయుచుండగా వారియొద్ద చదువుకొన్న మత్స్యకారుల పిల్లవాడొకడు, పిమ్మట పాలిటెక్నికులో ఎలక్ట్రానిక్సు చదివి, నేడు తన తాతగారి మరబోటునకు తోడుపోవుచున్నాడు. "మేష్టారూ! మా బోటుకి మాటలు నేర్పాను. అమ్మగారిని తీసుకొని ఒకసారి వచ్చి వినిపోవాలి" అని యేడాదిగా పిలుచుచుండెను. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు అరువదియొక్క దినములు మరబోట్లకు వేట నిషేధము. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ప్రభుత్వమువారు విధించిన విరామ మది. ఆ దినములలో బోట్లన్నియు రేవుననే యుండును. మా బడికిని వేసవి సెలవులు. కావున మే నెలలో నొకనాడు ప్రయాణమైతిమి.

నేను బయలుదేరుట కింకొక కారణమును గలదు. మా పెద్దపిల్ల గుంటూరులో నొక వసతి కళాశాలలో ఇంటర్మీడియెటు చదువుచున్నది. వేసవిలోను తరగతులు గలవని దానిని ఇంటికి పంపరైరి. పిల్లలయొద్ద ఫోను లుండవు. ప్రతి సాయంకాలము వసతిగృహపు ఫోనునుండి నా ఫోనునకు "బాగున్నానమ్మా" యను నొక్క వాక్యము వచ్చును. అది చూచుకొని నేను సంధ్యాదీపము వెలిగింతును. ఆ యొక్క మాటతో నిల్లు నిండదు గదా! దినమెల్ల తోచక, "పోయివత్త" మని మావారిని తొందరపెట్టినదానను నేనే.

పర్చూరు దాటువఱకు నేల నలుపే. ప్రత్తికట్టె పెఱికిన చేలు నెఱ్ఱెలు వాఱి, వానకై నోళ్లు తెఱచుకొని యుండెను. కల్లములలో కాయ లేదు. గోతాముల కెక్కి గుంటూరు శీతలగిడ్డంగులకు చేరినది. తీరము సమీపించినకొలది నేలయొక్క నలుపు పలుచబడి, చినగంజాము చేరుసరికి పూర్తిగ తెల్లబడెను. ఒకవైపున ఉప్పుమడులు, వేఱొకవైపున ఇసుకదిబ్బలు, సరుగుడు తోటలు. రేగడిలో పుట్టి పెరిగిన నాకు, అడుగు పెట్టగనే జాఱిపోవు నా నేల యేదో పరదేశమువలె దోచెను.

మావారి కోరికమీద మోటుపల్లిలో దిగితిమి. నేడది చిన్నయూరు. ఒకప్పుడు కాకతీయుల సామ్రాజ్యమునకు ముఖ్యమైన రేవు. పదుమూడవ శతాబ్దపు తుదిభాగమున ఇటలీ యాత్రికుడు మార్కోపోలో దీనిని ముత్ఫిలి యని పేర్కొని, ఇచటి సన్నని నూలుబట్టలు సాలెపట్టువలె నుండునని మెచ్చుకొనెను. ఇచటి వీరభద్రస్వామి యాలయమున గణపతిదేవ చక్రవర్తి శకవర్షము 1166లో, అనగా క్రీస్తుశకము 1244-45లో, వేయించిన యభయశాసనము గలదు. అంతకు పూర్వపు రాజులు, గాలివానకు పగిలి తమ తీరమునకు కొట్టుకొనివచ్చిన యోడలలోని బంగారము, గుఱ్ఱములు, ఏనుగులు, రత్నములు సర్వమును బలాత్కారముగ గైకొనుచుండిరట. గణపతిదేవు డట్లు చేయుట మాని, ముప్పదింట నొకపాలు సుంకము దక్క మఱేమియు తీసికొనమని యోడవర్తకుల కభయ మొసంగెను. ఓడ పగిలినవానిని మఱల దోచుకొనరాదను ధర్మమును రాతిపై చెక్కించిన రాజు మన తెలుగురాజని తలంచినపుడు నా కన్నులు చెమర్చినవి.

ఆ శాసనమున సుంకములు విధింపబడిన సరకులలో గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్తెములు, పట్టు, మిరియములు మున్నగునవి గలవని మావారు చెప్పిరి. "మిరపకాయలు లేవా?" యని నేను రేగడిదాననగుటచే నడిగితిని. వారు నవ్వి, అమెరికా ఖండమున బుట్టిన మిరప 1498వ సంవత్సరమునకు పిమ్మట పోర్చుగీసువారి రాకపోకలతోనే మనదేశమునకు వచ్చినదనిరి. మా కల్లముల నెఱ్ఱజేయు పంటయు నొకనాడు ఓడ దిగి వచ్చినదే! ఏ నడిరేయి ఏ సరంగు చుక్కను జూచి ఆ యోడను గట్టు చేర్చెనో! ఇన్నాళ్లును సముద్రమునకు మాకు పొత్తు లేదనుకొన్న నా యజ్ఞానమునకు నాలో నేను సిగ్గుపడితిని.

చీరాల, బాపట్లలు దాటి నిజాంపట్నము చేరుసరికి మధ్యాహ్నమయ్యెను. ఈ తీరమంతయు పూర్వము గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పంచబడి యుండి, 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి బాపట్ల జిల్లాలో చేరినది. దారిలో కృష్ణకాలువల క్రింది వరిపొలములు, పిమ్మట రొయ్యల చెఱువులు, తుదకు మడయడవులు కానవచ్చినవి. నిజాంపట్నమునకు పాశ్చాత్యు లిడిన పేరు పెటపోలి. 1606లో డచ్చివారును, 1611లో 'గ్లోబు' అను నోడలో ఆంగ్లేయులును వ్యాపారమునకై ఇచట దిగిరి. నేటి రేవు సముద్రపు టొడ్డున గాక, లోనికి చొచ్చుకొని వచ్చిన పాయలో నున్నది. బోట్లు ఒకదాని ప్రక్క నొకటి త్రాళ్లతో గట్టబడి యుండెను. కొన్నింటికి రంగులు వేయుచుండిరి. కొన్నింటి యంత్రములు విప్పి యుంచిరి. నీడలలో కూర్చుండి పురుషులు వలలు కుట్టుచుండుట చూచి, సూది మనదే యనుకొనుట పొరపాటని తెలిసికొంటిని.

ఆ పిల్లవాడు మమ్ము చేయిపట్టి బోటులోని కెక్కించెను. చుక్కానిగది మా పూజగదికన్న పెద్దది కాదు. అందులో దిక్సూచి యొకమూల, దారిచూపు జి.పి.ఎస్. యంత్రమొకమూల, లోతు చెప్పు ఎకో సౌండరొకమూల, వైర్‌లెసు మఱియొకమూల నుండెను. "ఇదివరకు ఇవన్నీ ఒకే ఇంట్లో ఉండి పలకరించుకోని తోడికోడళ్లండి, అమ్మగారూ! ఎవరి లెక్క వారిది. ఇప్పుడు అందరి మాటా ఒకచోట వినిపిస్తుంది" అని వాడు తన సెల్‌ఫోనును చూపెను. అందులో తీరపు పటము, పటముపై మా బోటు, ప్రక్కన నీటిలోతు, బోటు మొగము తిరిగియున్న దిక్కు - అన్నియు నొక్క చూపున గానవచ్చినవి.

ఇది యెట్లు జరుగునో యని యడుగగా వాడు మెల్లగ బోధించెను. నాకు తెలిసినంత మీకును చెప్పుదును. జి.పి.ఎస్. యంత్రము ఆకాశముననున్న ఉపగ్రహముల సంకేతములను విని తానున్న తావును గణించును. ఎకో సౌండరు బోటు అడుగునుండి ఒక శబ్దమును నీటిలోనికి పంపి, అది నేలకు తగిలి మరలివచ్చు కాలమును కొలుచును. సముద్రజలమున శబ్దము సెకనునకు రమారమి 1,500 మీటర్లు పోవును. సెకనులో నూఱింట రెండుపాళ్ల కాలములో పోయివచ్చినచో, లోతు 15 మీటర్లన్నమాట. నూతిలో చెంబు జాఱవిడిచి 'బుడుంగు'మను చప్పుడునుబట్టి నీటిమట్టము నూహించు మనకు, ఈ యుపాయము బొత్తిగ క్రొత్తది కాదు.

ఈ యంత్రములు ఒకరి మాట ఒకరి కర్థమగునట్లు పలుకవలెనని అమెరికాలోని నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్సు సంఘమువారు 1983లో నొక భాషానియమము నేర్పరచిరి. దానికి 0183 అని సంఖ్య. అందులో ప్రతి వార్తకును 'వాక్య'మనియే పేరు! వాక్యము డాలరు గుర్తుతో నారంభమగును. పిమ్మట పలుకునదెవరో తెలుపు రెండక్షరములు, జి.పి.ఎస్.కు 'జి.పి.', లోతుయంత్రమునకు 'ఎస్.డి.'. పిదప విషయమేదో తెలుపు మూడక్షరములు, ఆపై అంకెలు. తుదకు నక్షత్రపు గుర్తు, దాని వెనుక రెండు సంకేతములు. ఆ తుది రెండును ఏమిటని యడిగితిని. వాక్యములోని యక్షరములనన్నింటిని నొక లెక్కప్రకారము కలిపి తేల్చిన ఫలమట. వినువారును ఆ లెక్క వేసికొందురు. ఫలము సరిపడనిచో దారిలో నేదో యక్షరము చెడినదని యా వాక్యమును విడిచిపెట్టుదురు. మా నాయనగారు నాకు భారతము చెప్పునపుడు, పద్యమున గణము తప్పగనే "అక్షరము జాఱినది, మరల చదువు" మనెడివారు. యంత్రములకును ఛందస్సు గలదని నాకా దినమున తెలిసినది.

ఈ వాక్యములు పూర్వము సన్నని తీగలవెంట, సెకనునకు 4,800 గుర్తుల చొప్పున, ఒక యంత్రమునుండి వేఱు యంత్రములకు పోవుచుండెను. ఆ పిల్లవాడు రెండు అగ్గిపెట్టెలు చేర్చినంత పెట్టె యొకటి తెచ్చి, జి.పి.ఎస్., ఎకో సౌండరు, దిక్సూచుల తీగలను దానికి గలిపి, బోటు బ్యాటరీనుండి దానికి విద్యుత్తు నిచ్చెను. ఆ పెట్టె తన చుట్టును వైఫై కల్పించును. మన యిండ్లలోని వైఫై యింటర్నెట్టును తెచ్చునది; దీనికి యింటర్నెట్టుతో పనిలేదు. బోటులోని మాటలను బోటులోనివారికి వినిపించుటయే దీని పని. ఫోను ఆ వైఫైలో చేరి, ఆప్‌లో పెట్టెయొక్క చిరునామాయు, 'పోర్టు' అను ద్వారసంఖ్యయు వ్రాసినచో మాటలు వినవచ్చును. ఇంటి చిరునామా యొకటి, ఇంటిలో గది సంఖ్య యొకటి యనుకొన్న సరిపోవును. ఇట్టి వాక్యములకు 10110 అను ద్వారము వాడుకలో నున్నది. పెట్టె దండోరా వేసినట్లు చాటినచో ఎందఱైనను ఒక్కమాఱుగ వినవచ్చును. కాని విన్నారో లేదో పెట్టె విచారింపదు. వేఱొక పద్ధతిలో ఒక్కొక్కరిని చేయిపట్టుకొని చెప్పినట్లు పంపును.

"ఫోనులోను జి.పి.ఎస్. ఉన్నది గదా, ఇంత శ్రమ యేల?" యని మావారు ప్రశ్నించిరి. ఫోనునకు తానున్న తావు తెలియును గాని, బోటు క్రింద నీరెంతయో తెలియదు. వల లాగునపుడు సరంగు గదిలోనే నిలుచుండ వీలుపడదు. ఫోను చేతనున్నచో వెనుకతట్టున నిలిచియు లోతు చూచుకొనవచ్చును. ఇట్లని చెప్పి వాడు నాకొక వాక్యమును తెరపై చూపెను. లోతుయంత్రపు వాక్య మది. అందొకే లోతు మూడుమాఱులు మూడు కొలతలలో వ్రాయబడి యున్నది: 9 అడుగులు, 2.7 మీటర్లు, 1.5 ఫాదములు. ఆంగ్లేయుల ఫాదమనగా రెండు చేతులు చాచిన పొడవు, ఆరడుగులు. అనగా మన బార!

అంతవఱకు ముక్కుపొడుము పీల్చుచు మౌనముగ నున్న పెద్ద సరంగు, ఆ పిల్లవాని తాత, అపుడు నవ్వెను. "మా నాన్న నాకు బారల్లోనే నేర్పాడమ్మగారూ. పదిహేను బారల్లో ఒక చేప, ఇరవై బారల్లో ఇంకో చేప. ఈ పెట్టె కూడా బారలు చెబుతోందని వీడు చూపించాకే, బోటులో పెట్టుకోరా అన్నాను" అనెను. మానవుని భుజములనుండి పుట్టిన కొలత యెచ్చటెచ్చటనో తిరిగి, యంత్రపు వాక్యములో దాగి, మరల నీ వృద్ధుని చెవికి చేరినది గదా యని నే నచ్చెరువందితిని.

వైఫై మాట బోటు పొడవు దాటదు. తీరమునకు వార్త చేరుట వేఱొక సంగతి. సెల్‌ఫోను సంకేతములు తీరమునుండి కొలది దూరమే యందును. 2017 నవంబరు తుదిని ఓఖీ తుపాను కేరళ, తమిళనాడు తీరములను దాకినపుడు, నడిసముద్రమున నున్న మత్స్యకారులకు హెచ్చరిక యందక బహుప్రాణనష్టము కలిగెను. ఆ పిమ్మట 2019 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అను సముద్రసమాచార సంస్థయు విమానాశ్రయ ప్రాధికార సంస్థయు కూడి, ఉపగ్రహమునుండి హెచ్చరికలను గ్రహించి బ్లూటూతు ద్వారమున ఫోనునకు దేశభాషలలో నందించు 'జెమిని' యను పరికరమును వెలువరించిరి. అది వినుటకే గాని మరల చెప్పుటకు నోరులేనిది. తరువాత ఇస్రోవారు ఇరువైపుల మాటలును పంపగల 'నభ్‌మిత్ర' ట్రాన్స్‌పాండరును నిర్మించిరి. దేశమునందలి లక్ష బోట్లకు 364 కోట్ల రూపాయల వ్యయముతో నిట్టివానిని అమర్చు పనిని 2024 ఆగస్టు 30వ తేదీన ప్రధానమంత్రి ప్రారంభించెను. ఈ బోటుపైనను తెల్లని యా పెట్టె యమర్చబడి యున్నది. ఆపద కలిగినచో నొక మీట నొక్కినంతనే తీరమునకు తెలియును. తుపాను హెచ్చరిక తీరమునుండి ఫోనున కందును. గణపతిదేవుడు రాతిపై చెక్కించిన యభయము నేడు ఆకాశమునుండి వచ్చుచున్నదని మావారనిరి.

అప్పుడు నా చూపు చుక్కానిగది ద్వారమునకు వ్రేలాడుచున్న యొక త్రాటిపై బడెను. దాని కొనయందు సీసపుగుండు. బారకొక గుడ్డపేలిక ముడివేసి యున్నది. "ఇన్ని యంత్రము లుండగా ఇది యేల?" యని యడిగితిని. పిల్లవాని మొగము చిన్నబోయినది. తాత మాటలాడలేదు. పిల్లవాడే చెప్పెను.

గత ఫిబ్రవరిలో నొకనాటి రాత్రి నాలుగు దినముల వేట ముగించుకొని తిరిగివచ్చుచుండిరట. సముద్రము పాయలో గలియు మొగయొద్ద ఇసుకయు బురదయు మేటవేయుచుండును. అచట లోతు చూచుకొని దారి తీయవలెను. ఎకో సౌండరు తెర వెలుతురు కంటికి అడ్డమని వాడు దాని నార్పి, ఫోనునే నమ్ముకొని నడపించుచుండెను. ఫోనులో లోతు మూడు బారలు. కొంత దూరము పోయినను మూడు బారలే. ఇంకను మూడు బారలే. తాత మాత్రము అలవాటుచొప్పున ముందఱ నిలిచి గుండు విడిచెను. "ఒకటి!" యని కేక వేసెను. యంత్రమును వెనుకకు త్రిప్పునంతలో బోటు అడుగు బురదను రాచుకొనెను. పోటు ఎక్కుచున్న వేళ యగుటచే కొంతసేపటికి తేలినది. పాటు వేళయైనచో బోటు ప్రక్కకొఱగి, అందున్న యెనమండుగురి గతి యేమగునో!

తప్పెవరిది? లోతుయంత్రము సరిగనే చెప్పుచుండెను; పెట్టెయు సరిగనే చాటుచుండెను. తీరము దగ్గరపడగనే ఫోనునకు సెల్‌టవరు సంకేత మందినది. పెట్టె వైఫైలో యింటర్నెట్టు లేదు గనుక, అది పనికిరాని వైఫై యని తలంచి, ఫోను తనంత తాను దానిని విడిచి టవరువైపు మరలినది. ఆప్ మాత్రము తుదిగ విన్న మాటనే తెరపై నిలిపి యుంచినది. నడిసముద్రమున టవరు లేదు గనుక ఈ లోపము బయటపడలేదు. ఎచట లోతు ముఖ్యమో సరిగ నచటనే ఫోను చెవులు మూసికొన్నది. అంకె యున్నది, అంకెకు ప్రాణము లేదు.

ఆ దినమునుండి వాడు సిమ్ము తీసివేసిన పాతఫోనొకటి యీ పనికే కేటాయించెను. క్రొత్త వాక్యము కొన్ని క్షణములు రానిచో గంట మ్రోగునట్లు ఆప్‌లో నేర్పాటుచేసెను. మొగ దాటువఱకు ఎకో సౌండరు తెర నార్పడు. సీసపుగుండును తాతకు కనబడునట్లు ద్వారమునకు వ్రేలాడదీసినదియు వాడే.

సాయంకాలము వారి యింటికి భోజనమునకు పోతిమి. పిల్లవాని నాయనమ్మ మాకు నాయభ్యంతరము లెఱిగి, క్రొత్తకుండలో పప్పును, మామిడికాయ పచ్చడియు జేసి యుంచినది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను, రేపల్లె తీరమును ముంచి సుమారు పదివేలమందిని పొట్టబెట్టుకొన్న యుప్పెననాటికి ఆమె పదునెనిమిదేండ్ల క్రొత్తకోడలు. పుట్టినింటివారిలో మువ్వురను ఆ నీరు కొనిపోయినది. నాటినుండి నేటివఱకు మగనికై, కొడుకునకై, ఇపుడు మనుమనికై ఒడ్డున నిలిచి చూచుటయే ఆమె జీవితము.

ఫిబ్రవరి సంగతి యెత్తి, "పెద్దమ్మా! నీకు భయము వేయలేదా?" యంటిని. ఆమె విస్తరిలో పప్పు వడ్డించుచు నిట్లనెను: "వాడికి చెప్పానమ్మగారూ. పెట్టె మంచిదే, తప్పు పట్టకు. కానీ మారని మాటని నమ్మకు అని. మా ఆయన ఒడ్డుకొచ్చి ఫోనులో మాట్లాడితే నేను బాగున్నావా అని అడగను. బాగున్నాను అని అందరూ అంటారు. వల చిరిగిందనో, ఐసు కరిగిందనో, కూరలో ఉప్పెక్కువైందనో అన్నాడా, మనిషి బాగున్నాడన్నమాట. నాలుగు రోజులు వరసగా ఒకటే మాట చెప్పినవాడు బాగున్నట్టు కాదు. చెప్పడం మానేసినట్టు."

నా చేతిలోని ముద్ద చేతిలోనే నిలిచిపోయినది. సరిగ నా వేళకే కొంగున ముడివేసికొన్న నా ఫోను చప్పుడైనది. తీసి చూచితిని. "బాగున్నానమ్మా." నిన్నయు నదే. మొన్నయు నదే. వేసవి తరగతు లారంభమైన దినమునుండియు నక్షరము మారలేదు. అది నా బిడ్డ చెప్పి వ్రాయించిన మాటయో, ఎవరో నిన్నటి మాటనే మరల పంపిరో! ఇన్నాళ్లును దానిని జూచి దీపము పెట్టుకొనుచున్న నా తెలివిని నేనేమనుకొనవలెను? అశోకవనమున సీతమ్మ, రాముడు క్షేమమన్నంతమాత్రమున హనుమంతుని నమ్మినదా? రాముని రూపలక్షణములు చెప్పుమని యడిగి, వినినపిమ్మటనే గదా నమ్మినది! అడుగుటకు నాకు తోచలేదు.

మరునాడు మా యూరివైపు మరలక, బాపట్లనుండి పొన్నూరుమీదుగ గుంటూరు పోయితిమి. వసతిగృహమువారు వేళ కాదనిరి. మావారు సౌమ్యులయ్యు, చూడక పోమని యచటనే బల్లపై కూర్చుండిరి. కొంతసేపటికి పిల్లను పంపిరి. "ఎట్లున్నావే?" యనబోయి నాలుక కఱచుకొని, "నిన్న రాత్రి కూర యేమి చేసిరే?" యంటిని. అది నా మొగము వంక చూచినది. "తెలియదమ్మా, నేను తినలేదు" అనినది. ఆపై కట్ట తెగినట్లు ఏడ్చినది. పదిదినములనుండి సాయంకాలమగుసరికి ఒళ్లు వెచ్చబడుచున్నదట. పరీక్షలో మార్కులు తగ్గి వెనుక తరగతిలో కూర్చుండబెట్టిరట. ఇంటికి వార్త వ్రాయుమన్నచో, "అమ్మ కంగారుపడును, బాగున్నానని వ్రాయింపు" మని తోటిపిల్ల లనిరట. ఒకనాడు వ్రాయించినదే గాని తరువాతి దినములలో తన్నెవరు నడుగనే లేదట.

వైద్యునికి చూపి, వారము దినము లింట నుంచుకొంటిమి. జ్వరము తగ్గినది. చదువు మానుమని మేమనలేదు; అదియు మానుదునని యనలేదు. మరల దిగబెట్టునపుడు వసతిగృహమువారితో మాటలాడి, సాయంకాలము రెండు నిమిషములు పిల్లయే స్వయముగ ఫోనులో మాటలాడున ట్లొప్పించితిమి. పిల్లతో నేనొక నియమము చేసికొంటిని. "బాగున్నాను" అను మాట నా కక్కఱలేదు. దినమునకొక క్రొత్తముక్క, మంచిదైనను చెడ్డదైనను సరియే, చెప్పవలెను.

నిన్న సంధ్యవేళ ఫోను మ్రోగినది. "అమ్మా! ఈ వేళ పప్పు మాడగొట్టారు. అందరం పచ్చడితోనే తిన్నాం" అనినది. నేను పోయి దీపము వెలిగించితిని.